వీల్‌చెయిర్ టీమ్ ఉన్న క్యాంపస్‌నే ముందు చూడండి

ప్రశ్న: మా అబ్బాయికి బీటెక్ రెండో ఏడాదిలో బైక్ యాక్సిడెంట్ అయింది. వెన్నెముకకు దెబ్బ తగిలి నడుం కింద చచ్చుబడింది. వీల్‌చెయిర్‌లోనే కాలేజీకి వెళ్లి డిగ్రీ పూర్తి చేశాడు. ఇప్పుడు అమెరికాలో ఎమ్మెస్ చేస్తానంటున్నాడు. అక్కడ వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ కూడా ఆడతాడట. చదువే కష్టమనుకుంటుంటే మధ్యలో ఈ ఆటలేంటని వాళ్ల నాన్న కోప్పడుతున్నారు. మీరు చాలాకాలంగా అక్కడ ఉన్నారు కదా, ఏం చేయమంటారు?
ఖమ్మం నుంచి ఒక తల్లి

జవాబు:

అమ్మా, మీవారి కోపంలో న్యాయముంది. లక్షల్లో లోన్, పిల్లాడు గడప దాటితే చాలు టెన్షన్. దానికితోడు ఈ ఆటల గోల ఏంటని ఏ తండ్రికైనా అనిపిస్తుంది. అయినా నా ఓటు మీ అబ్బాయికే. అతను ఆటలో ఎంత పైకొస్తాడన్నది తర్వాతి సంగతి. వీల్‌చెయిర్ స్పోర్ట్స్ ఉన్న యూనివర్సిటీలో చేరితే చదువు సాఫీగా సాగుతుంది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోయినా సరే, యూనివర్సిటీల లిస్టు రాసుకునేటప్పుడు వీల్‌చెయిర్ టీమ్ ఉందా లేదా అన్నది ర్యాంకుల కన్నా ముందు కాలమ్‌లో రాసుకోమనండి.

ఎందుకంటే, చట్టం ప్రకారం ఇక్కడ అన్ని యూనివర్సిటీలూ ఒకటే. 1973 నాటి రీహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504, 1990లో వచ్చిన ఏడీఏ (అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్) చట్టం, రెండూ వైకల్యం ఉన్న విద్యార్థి పట్ల వివక్ష కూడదంటాయి. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకూ అవి వర్తిస్తాయి. కానీ వీల్‌చెయిర్‌లో తిరిగేవాడు ఒక్కడే ఉన్న క్యాంపస్‌లో లిఫ్ట్ చెడిపోతే ఆ ఒక్కడే ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి. టీమ్ ఉన్నచోట డజను మంది ఒకేసారి గొడవ చేస్తారు, మధ్యాహ్నానికల్లా మెకానిక్ వస్తాడు. ఏ బిల్డింగులో ఆటోమేటిక్ తలుపు మొరాయిస్తుందో, ఏ అపార్ట్‌మెంట్ బాత్రూములో కుర్చీ పట్టదో సీనియర్లు ముందే చెప్పేస్తారు. మన పిల్లలు సీనియర్లను పట్టుకునే కదా రూములూ పార్ట్‌టైం పనులూ వెతుక్కునేది!

అసలు ఈ ఆటా, వీల్‌చెయిర్ ఎక్కే ర్యాంపులూ ఇక్కడి క్యాంపస్‌లలోకి ఒకే చేతి మీదుగా వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల కోసం 1948లో ఇల్లినాయ్ యూనివర్సిటీవాళ్లు గేల్స్‌బర్గ్ అనే ఊళ్లో, పాత మిలిటరీ హాస్పిటల్ భవనాల్లో తరగతులు పెట్టారు. దాన్ని నడిపించినాయన టిమ్ నూజెంట్. మరుసటి ఏడాదే ఆ క్యాంపస్ మూసేస్తామన్నారు. విద్యార్థులు వీల్‌చెయిర్లలోనే రాష్ట్ర రాజధానికి వెళ్లి నిరసన తెలిపారు. చివరికి ఆయన కొద్దిమందితో అర్బానా-షాంపేన్‌లోని పెద్ద క్యాంపస్‌కు మారారు. నేషనల్ వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌కు ఆయన పునాది వేసిందీ 1949లోనే. ర్యాంపు ఎంత ఏటవాలుగా ఉంటే కుర్చీ తోసుకుంటూ ఎక్కగలరో ఆ క్యాంపస్‌లోనే కొలతలు తీశారు. 1961లో అమెరికాలో తొలిసారి వచ్చిన ర్యాంపుల ప్రమాణాలకు ఆ పనే ఆధారం. బోస్టన్ మారథాన్ వీల్‌చెయిర్ విభాగంలో 8 సార్లు గెలిచిన జీన్ డ్రిస్కాల్, పారాలింపిక్స్‌లో పతకాల పంట పండించిన టాట్యానా మెక్‌ఫాడెన్ అక్కడి విద్యార్థులే.

మేము టెక్సాస్‌లో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం కాబట్టి నాకు దగ్గరగా తెలిసింది యూటీ ఆర్లింగ్టన్, అంటే ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ. ఆ పేరు మీ ఊళ్లోనూ వినే ఉంటారు, ఎమ్మెస్‌కని మన పిల్లలు బోలెడంత మంది చేరేది అక్కడే. వాళ్లలో చాలామంది రెండేళ్లు చదివి వెళ్లిపోతారే తప్ప, తమ క్యాంపస్‌లో మూవింగ్ మావ్స్ అనే వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ టీమ్ ఉందనీ, 1991 నుంచి 1994 దాకా వరుసగా నాలుగుసార్లు జాతీయ టైటిల్ కొట్టిందనీ తెలుసుకోరు. 1970లలో దాన్ని మొదలుపెట్టిన జిమ్ హేస్ కూడా వీల్‌చెయిర్‌లో ఉన్నాయనే, ఆ యూనివర్సిటీలోనే చదువుకున్నాయనే. 2013 నుంచి అమ్మాయిల టీమ్ కూడా ఉంది. ఇంకా అలబామా యూనివర్సిటీ ఉంది. అక్కడ 2018లో వీల్‌చెయిర్ ఆటల కోసమే స్ట్రాన్-హార్డిన్ అరీనా అని విడిగా కట్టారు. అరిజోనా వాళ్లకు బాస్కెట్‌బాల్‌తో పాటు రగ్బీ, టెన్నిస్, ట్రాక్ ఉన్నాయి. విస్కాన్సిన్-వైట్‌వాటర్, మిస్సోరి, ఆబర్న్ కూడా చూడండి. చూసేటప్పుడు అతని బ్రాంచిలో ఎమ్మెస్ ఉందో లేదో మాత్రం మర్చిపోవద్దు.

ఆట గురించి మీవారికి ఒక మాట చెప్పండి. బుట్ట ఎత్తు మామూలు బాస్కెట్‌బాల్‌లో లాగే 10 అడుగులు. బంతి ఒళ్లో పెట్టుకుని చక్రాన్ని రెండుసార్లు తోయొచ్చు, మూడోసారి తోసేలోపు బంతిని నేలకు కొట్టాలి. ప్రాక్టీస్ చూడటానికి వెళ్లిన మన ఆడవాళ్లు మొదటి ఐదు నిమిషాల్లోనే లేచి నిలబడతారు. రెండు కుర్చీలు ఢీకొంటాయి, ఒక కుర్రాడు కుర్చీతో సహా పక్కకి పడిపోతాడు, ఎవరూ పరుగెత్తరు. నడుముకు బెల్టు ఉంటుంది కాబట్టి మనిషి కుర్చీలోంచి జారడు. ఒక చెయ్యి నేలకు ఆనించి, రెండో చేత్తో చక్రం పట్టుకుని ఒక్క ఊపులో లేచి మళ్లీ బంతి వెనక పడతాడు. అంతా కలిపి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లు మన కడుపులో దేవినట్టుంటుంది, వాళ్లకి మాత్రం అదేం లెక్కలో ఉండదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది పాయింట్ల పద్ధతి. ఒంట్లో ఎంత కదలిక ఉందో చూసి ఒక్కో ఆటగాడికి 1.0 నుంచి 4.5 దాకా పాయింట్లు వేస్తారు. కదలిక తక్కువైతే పాయింటూ తక్కువ. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కోర్టులో ఉన్న ఐదుగురివి కలిపి 14 దాటకూడదు. అంటే అందరూ చురుకైనవాళ్లనే దింపుతామంటే కుదరదు. మంచి 1.0 ఆటగాడు దొరికితే కోచ్‌కి పండగ, ఎందుకంటే ఆ మిగిలిన పాయింట్లతో ఇంకో 4.5 వాణ్ని దింపుకోవచ్చు. పొట్ట కండరాలు కూడా పనిచేయని కుర్రాడి కోసం కోచ్‌లు వెతుక్కునే ఆట ఇది. ఇంకో సంగతి, రోజూ నడిచేవాళ్లూ ఇందులో ఆడతారు. పోలియోతో ఒక కాలు సన్నబడినవాళ్లు, మోకాలి కింద కాలు తీసేసినవాళ్లు మ్యాచ్ అయ్యాక లేచి నడుచుకుంటూ కారెక్కుతారు. చేతుల్లోనూ పట్టు లేనివాళ్లకు రగ్బీ, చూపు లేనివాళ్లకు గంటల బంతితో ఆడే గోల్‌బాల్ ఉన్నాయి. అందరూ సమానంగా ఉండాలని గోల్‌బాల్‌లో ప్రతి ఒక్కరి కళ్లకూ గంతలు కడతారు.

ఇక కాగితాల పని. వైకల్యానికి మన ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు మీ దగ్గర ఉండే ఉంటాయి. తెచ్చుకోండి, కానీ వాటి మీదున్న 80 శాతం, 90 శాతం అంకెలతో ఇక్కడివాళ్లకు పనిలేదు. యూనివర్సిటీ డిజెబిలిటీ ఆఫీసు అడిగేది వేరు: ఏం చేయగలడు, ఏం చేయలేడు, ఏ ఏర్పాటు కావాలి. మీ డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద, ఇంగ్లిష్‌లో, ఈమధ్య తేదీతో రాయించండి. ఎక్కడ దెబ్బ తగిలింది, ఎంతసేపు కూర్చోగలడు, ల్యాబ్‌లో ఎత్తు తగ్గే టేబుల్ కావాలా, కూర్చున్నచోట చర్మం మీద ఒత్తిడి తరచూ తగ్గించుకోవాలి కాబట్టి పరీక్షలో అదనపు సమయం కావాలా, అన్నీ ఉండాలి. అప్లికేషన్‌లో వైకల్యం గురించి చెప్పి తీరాలన్న రూలేం లేదు. సీటు వచ్చాక మాత్రం మొదటి ఈమెయిల్ ఆ ఆఫీసుకే వెళ్లాలి, పంపాల్సింది అతనే. ఇక్కడ తల్లిదండ్రులు ఫోన్ చేస్తే ఆఫీసువాళ్లు విననట్టే ఉంటారు.

అన్నిటికన్నా పెద్ద విషయం ఇది, కొంచెం కఠినంగా చెబుతున్నందుకు ఏమనుకోకండి. అతన్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూములోకి ఇప్పుడు ఎవరు దింపుతున్నారు? మీరో, వాళ్ల నాన్నో అయితే ముందు అది మారాలి. యూనివర్సిటీ అటెండెంట్‌ని ఇవ్వదు, చట్టం కూడా ఇమ్మనదు. సొంత డబ్బుతో పెట్టుకుంటే గంటకు 15 డాలర్ల పైమాటే. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు మెడికెయిడ్ లాంటి ప్రభుత్వ సాయం మామూలుగా రాదు కాబట్టి, టీమ్‌లోని అమెరికన్ పిల్లలకు వస్తోందని ఆశపడొద్దు. వీలైతే వెల్లూరు సీఎంసీ రీహాబిలిటేషన్ విభాగంలో కొన్ని వారాలు ఉంచండి. 1954లో ప్రమాదంలో నడుం కింద చచ్చుబడినా వీల్‌చెయిర్‌లోంచే ఆపరేషన్లు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ చేతుల మీదుగా మొదలైన విభాగం అది. మంచం దిగడం, కారెక్కడం, ముందు చక్రాలు లేపి గట్టు దాటడం, చర్మం పుండు పడకుండా చూసుకోవడం, మూత్రం తీసే గొట్టం (క్యాథెటర్) తనంతట తనే పెట్టుకోవడం, ఇవన్నీ వచ్చేదాకా విమానం టికెట్ కొనకండి. ఆ తర్వాత ఒక నెలపాటు మీరు ఊరెళ్లిపోండి, ఇంట్లో అతన్నొక్కణ్నే ఉండనివ్వండి.

ఖర్చుల సంగతికొస్తే, కొన్ని టీమ్‌లు స్కాలర్‌షిప్ ఇస్తాయి, ఎఫ్-1 వాళ్లు దాన్ని తీసుకోవచ్చు. టెక్సాస్‌లో పోటీ మీద వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే ఇన్-స్టేట్ ఫీజు, అంటే ఆ రాష్ట్రంవాళ్లు కట్టే తక్కువ ఫీజు పడే వీలుంటుందని మన పిల్లలందరికీ తెలుసు. టీమ్ ఇచ్చే డబ్బు ఆ లెక్కలోకి వస్తుందో రాదో రాతపూర్వకంగా అడగండి. చక్రాలు ఏటవాలుగా ఉండే ఆట కుర్చీ కొలతలిచ్చి చేయిస్తే వేల డాలర్లవుతుంది. మొదట్లో టీమ్ దగ్గరున్న కుర్చీ వాడుకోవాలి, కొనొద్దు. స్టూడెంట్ ఇన్సూరెన్స్ కాగితాల్లో యూనివర్సిటీ పోటీల్లో తగిలిన దెబ్బలకు డబ్బులు రావన్న లైను ఉందేమో వెతకమనండి.

ఇల్లు వెతికేటప్పుడు మన పిల్లల అలవాటు అతనికి పనికిరాదు. నలుగురు కలిసి లిఫ్ట్ లేని రెండో అంతస్తులో చవగ్గా తీసుకుంటారు కదా, అది కాదు. మొదటి ఏడాది యూనివర్సిటీ హౌసింగ్‌లోనే, కుర్చీతో నేరుగా లోపలికెళ్లే షవర్ ఉన్న గది అడగాలి. మామూలు అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల స్నానానికి టబ్ ఉంటుంది, దాని అంచు దాటడం నరకం. కార్పెట్ మీద కుర్చీ తోయడం కూడా అంతే. బయట తీసుకుంటే, గోడకు పట్టుకునే కడ్డీలు బిగించుకోవడానికి ఓనరు ఒప్పుకోవాలని చట్టం ఉంది కానీ ఖర్చు మాత్రం మామూలుగా మనదే. ఇంకొకటి, వెన్నెముక దెబ్బ ఛాతీ దగ్గరో ఇంకా పైనో తగిలినవాళ్లకు చెమట సరిగా పట్టదు. టెక్సాస్ ఎండాకాలంలో మధ్యాహ్నం బస్‌స్టాప్‌లో కూర్చుంటే ఒళ్లు కాలిపోయి కళ్లు తిరుగుతాయి. నీళ్లు చల్లుకునే సీసా ఎప్పుడూ కుర్చీకి తగిలించుకోవాలి.

విమానంలో వీల్‌చెయిర్‌కు డబ్బులు కట్టక్కర్లేదు, సామాను లెక్కలోకీ రాదు. విమానం తలుపు దాకా తన కుర్చీలోనే వెళతానని అడగాలి. కూర్చునే కుషన్ మాత్రం కింద సామానులో వేయకుండా చేతిలోనే ఉంచుకోవాలి. కుర్చీకి నాలుగువైపులా ఫొటోలు తీసి పెట్టుకుంటే విరిగినప్పుడు వాదించడానికి పనికొస్తాయి. బ్యాటరీ కుర్చీ అయితే ఛార్జర్ మీద 110 వోల్టులకూ పనిచేస్తుందని ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు అతను చేయాల్సింది ఒకటుంది. అప్లికేషన్లు వేయకముందే టీమ్ కోచ్‌లకు ఈమెయిల్ రాయాలి. టీమ్ పేజీల్లో అడ్రసులుంటాయి. దెబ్బ ఏ స్థాయిలో ఉంది, ఏ కోర్సు, ఏ సెమిస్టర్, ఎమ్మెస్ వాళ్లకు ఎన్ని సీజన్లు ఆడే వీలుంది, విదేశీ ఆటగాళ్లు టీమ్‌లో ఉన్నారా అని నాలుగు లైన్లు చాలు. కుర్చీ తోసుకుంటూ ఒక నిమిషం, బంతి విసురుతూ ఒక నిమిషం వీడియో జతచేయమనండి. మామూలు హాస్పిటల్ కుర్చీలోదైనా ఫర్వాలేదు, జర్మనీ, బ్రిటన్ నుంచి వచ్చినవాళ్లతో పోల్చుకుని బెదిరిపోనక్కర్లేదు. ఈలోపు వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా వాళ్లను అడిగి, తెలంగాణ నుంచి ఆడేవాళ్లు ఎక్కడ ప్రాక్టీస్ చేస్తున్నారో కనుక్కుని ఒకసారి వెళ్లి రమ్మనండి. మీవారిని కూడా వెంట పంపండి.