12 సెంట్లు ఖాళీగా ఉన్నాయని 12 సెంట్లూ తోట వేయాలా?

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక 12 సెంట్ల ఖాళీ స్థలం ఉంది, గట్టు వెంబడి కొబ్బరి చెట్లు. మావారు రాజమండ్రిలో ప్రైవేటు ఉద్యోగం చేస్తారు. జీతం 32,000. అత్తగారు, ఇద్దరు పిల్లలతో కలిపి ఐదుగురం. నెల ఖర్చు 26,000, అందులో కూరగాయలకే 3,000 పోతోంది. స్థలమంతా కూరగాయలు వేస్తే ఆ ఖర్చు తప్పుతుంది, మిగిలినవి అమ్మితే నెలకు 5,000 వస్తాయని అనుకుంటున్నాం. బోరు, కంచె, షేడ్ నెట్, డ్రిప్ కలిపి 1,80,000 అవుతుందట. బంగారం పెట్టి లక్ష తెస్తాం. మిగతా 80,000 తెలిసినవాళ్లు 2 రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. బ్యాంకులో 40,000 ఉన్నాయి. మొత్తం వేయమంటారా, సగం వేయమంటారా?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, పన్నెండూ వద్దు, ఆరూ వద్దు. ఒక్క సెంటుతో మొదలుపెట్టండి. దానికి కూడా రూపాయి అప్పు చేయకండి.

మీ ఉత్తరానికి జవాబు ఇక్కడ రాయడానికి కారణం ఉంది. పెరటి తోట కావచ్చు, గేదె కావచ్చు, నాటుకోళ్లు కావచ్చు, చాలామంది ముందు స్థలం ఎంత ఉందో చూస్తున్నారు. తర్వాత ఆ స్థలానికి సరిపడా అప్పు వెతుకుతున్నారు. ఇంట్లో ఎంత తింటారు, రోజూ పని చేసేది ఎవరు, ఏదైనా జరిగితే చేతిలో ఎంత ఉంటుంది అన్నవి చివరికి గాని గుర్తుకు రావడం లేదు.

మీ అంకెలే తీసుకుందాం. 80,000కు 2 రూపాయల వడ్డీ అంటే నెలకు 1,600. ఏడాదికి 24 శాతం. బంగారం మీద లక్షకు ఏడాదికి 10 శాతమే అనుకున్నా నెలకు 830 దాటుతుంది. రెండూ కలిపి 2,430. ఇది వడ్డీ మాత్రమే, అసలు అలాగే ఉంటుంది. ఇటు మీ కూరల ఖర్చు 3,000లో ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్, అల్లం, వెల్లుల్లికి కనీసం 1,000 పోతుంది. ఇవి మీ పెరట్లో ఇంటికి సరిపడా పండవు, తోట ఎంత బాగా వచ్చినా బజారులో కొనాల్సిందే. అంటే తోట వల్ల తగ్గేది మహా అయితే 2,000. తగ్గే ఖర్చు కంటే కట్టే వడ్డీ ఎక్కువ. నోటు రాసి ఆ 80,000 తెచ్చుకోవడం నాకు అస్సలు నచ్చలేదు. వడ్డీ ఆగితే బంగారం వేలానికి వెళ్తుంది. వంకాయల కోసం బంగారాన్ని తాకట్టు పెట్టకండి.

అమ్మకం మీద పెట్టుకున్న ఆశ సంగతి ఒక్క మాటలో చెబుతాను. మీ సొరకాయలు దిగే వారంలోనే ఊరందరి పాదులూ కాస్తాయి, గోదావరి లంకల నుంచి రైతులు ఆటోల్లో బజారుకు తెస్తారు. ఆ 5,000 లెక్కలోంచి తీసేయండి.

ఇక తోట ఎంత ఉండాలన్నది. నెల రోజులు ఏ కూర ఎంత కొన్నారో కిలోల్లో రాసుకోండి. మీ ఇంటికి రోజుకు కిలో, కిలోంపావు కంటే ఎక్కువ తేలదనుకుంటాను. అందులో పెరట్లో పండేవి ఏవో గుర్తు పెట్టుకుని వాటికే చోటు ఇవ్వండి. సెంటు అంటే 48 గజాల పైచిలుకు. నడిచే దారులు పోగా సగానికి కాస్త ఎక్కువ మళ్లకు మిగులుతుంది. ఒక పందిరి మీద రెండు దొండ పాదులు, ఒక బీర పాదు. కింద 30 బెండ, 10 వంగ మొక్కలు. పక్కన తోటకూర, గోంగూర చిన్న చిన్న మళ్లుగా, ఒకేసారి కాకుండా రెండు వారాల తేడాతో చల్లుకోవాలి. గట్టున ఒక మునగ, ఒక కరివేపాకు. దీనికి మీ ఇంటి మోటారు నీళ్లు చాలు, కొత్త బోరు అక్కర్లేదు. కొబ్బరి నీడ పడే చోట కూరగాయలు సరిగా కాయవు, అక్కడ కంద వేసుకోండి. మన నల్ల నేలలో వానాకాలం నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి కాబట్టి మళ్లు ఎత్తుగా పోసుకోవాలి. వానలకు తుంగ, గరిక కలుపు ఎలా కమ్ముకొస్తుందో మీకు తెలుసు. 12 సెంట్ల కలుపు మీ ఒక్కరి వల్ల కాదు, కూలీలను పెట్టాలి. ఆ కూలి డబ్బులు మీ లెక్కలో లేనే లేవు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక ఒక సెంటును నిలబెట్టుకోవచ్చు, పన్నెండు నిలబెట్టలేరు.

విత్తనాలు, పశువుల ఎరువు, పందిరికి వెదుర్లు, కోళ్లు రాకుండా పాత వల, అన్నీ కలిపి 6,000 లోపు సరిపెట్టండి. అది కూడా నెల మిగులులోంచే. ఏడాది పాటు ఆ సెంటులో కలుపు లేకుండా, కాసినవి పారేయకుండా నడిపితే రెండో సెంటుకు వెళ్లండి. ఐదుగురి ఇంటికి రెండు సెంట్లు దాటాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

నేను అసలు భయపడుతున్నది ఆ 40,000 చూసి. నెల ఖర్చు 26,000 ఉన్న ఇంటికి అది రెండు నెలలకు కూడా రాదు. మీవారిది ప్రైవేటు ఉద్యోగం అన్నారు. ఒక నెల జీతం ఆలస్యమైతే? అత్తగారిని కాకినాడ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే? ఇక్కడ జులై, ఆగస్టుల్లో గోదావరి వస్తుంది, అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు. 2022 జులై వరదలో లంకలు మునిగిన సంగతి మీ కళ్లతో చూసే ఉంటారు. 1996 నవంబరు తుఫానులో కొబ్బరి చెట్లు ఎలా నేలకూలాయో మీ అత్తగారిని అడగండి. అలాంటప్పుడు తోట ముందు పోతుంది, దాని మీద చేసిన అప్పు మాత్రం మిగులుతుంది. చేతిలో డబ్బు లేని ఇల్లు ఆ వారంలోనే మళ్లీ 2 రూపాయల వడ్డీకి వెళ్తుంది, ఈసారి తోట కోసం కాదు, తిండి కోసం.

కాబట్టి ముందు ఆరు నెలల ఖర్చు, అంటే 1,56,000 ఆపద నిధిగా పక్కన ఉండాలి. ఇంకా 1,16,000 కావాలి. మీకు నెలకు 6,000 మిగులుతోంది. అందులో 5,000 జీతం పడిన రోజే ఆర్డీకి, అంటే నెలనెలా కట్టే డిపాజిట్‌కు, వెళ్లేలా పెట్టండి. తోట వల్ల కూరల ఖర్చు తగ్గిన నెలల్లో ఆ తగ్గిన 1,000 కూడా అక్కడే చేర్చండి. ఇలా చేస్తే సుమారు 20 నెలల్లో నిండుతుంది. ఈ డబ్బును ఫోన్ యాప్ ఉన్న ఖాతాలో కాకుండా వేరే ఖాతాలో ఉంచండి, పండగలకూ ఫంక్షన్లకూ ముట్టుకోకండి.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. అత్తగారికి అందులో కవర్ ఉందో లేదో ఈ నెలలోనే కనుక్కోండి. లేకపోతే తోట కంటే ముందు ఆమెకు విడిగా పాలసీ తీసుకోండి. ప్రీమియం వల్ల నిధి నిండటం కొన్ని నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు. బోరు, కంచె, షేడ్ నెట్ సంగతి నిధి నిండాక చూద్దాం.

80,000 ఇస్తామన్న వాళ్లకు ఈ వారంలోనే వద్దని చెప్పేయండి. ఆలస్యమైతే మొహమాటం పెరుగుతుంది, కాదనడం ఇంకా కష్టమవుతుంది.