విదేశాంగ విధానాన్ని తప్పుపడితే పాస్‌పోర్టు ఆగుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. గాజాపై మన ప్రభుత్వ వైఖరిని నిరసిస్తూ స్నేహితులతో కలిసి ప్లకార్డు పట్టుకుంటే పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లి సాయంత్రం వదిలేశారు. కాలేజీవాళ్లు క్షమాపణ పత్రం అడుగుతున్నారు. ఎమ్మెస్‌కు అమెరికా పంపాలనుకుంటున్నాం. ఇది దేశద్రోహమా? పాస్‌పోర్టు వస్తుందా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: దేశద్రోహం ఎంతమాత్రం కాదండీ. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా, హింసకు పురిగొల్పనంతవరకు అది రాజద్రోహం కాదని సుప్రీంకోర్టు 1962లోనే కేదార్‌నాథ్ సింగ్ కేసులో తేల్చింది. వాక్‌స్వాతంత్ర్యాన్ని పరిమితం చేయగల కారణాల్లో 'విదేశాలతో స్నేహ సంబంధాలు' అన్నది 1951లో తొలి సవరణతో రాజ్యాంగంలోని 19(2)లో చేరిన మాట నిజమే. కానీ అది చట్టం చేయడానికి ప్రభుత్వానికి ఇచ్చిన వెసులుబాటు మాత్రమే, దానికదే నేరం కాదు. గాజాపై నిరసనకు అనుమతి కోరిన సీపీఎం పిటిషన్‌ను 2025 జులైలో బాంబే హైకోర్టు కొట్టేస్తూ ముందు మన దేశం సంగతి చూడమంది. ఆ మాటతో నేను ఏకీభవించను. మన ప్రభుత్వం మన పేరున తీసుకునే వైఖరిని ప్రశ్నించడం మన దేశం సంగతే. ఆగస్టులో పోలీసులే అనుమతి ఇవ్వడంతో ఆజాద్ మైదాన్‌లో ఆ నిరసన జరిగింది.

మీరు ముందుగా చూడాల్సింది ఎఫ్ఐఆర్ ఉందా లేదా అన్నది. ముందస్తు అదుపు మాత్రమే అయితే కేసే లేనట్టు. ఎఫ్ఐఆర్ ఉన్నా, కోర్టు దాన్ని విచారణకు స్వీకరించేదాకా పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6(2)(ఎఫ్) కింద నిరాకరించడం కుదరదని పలు హైకోర్టులు చెప్పాయి. స్వీకరించినా దారి మూసుకుపోదు, ఆ కోర్టు అనుమతితో పరిమిత కాలానికి పాస్‌పోర్టు ఇస్తారు. ఒకవేళ నిషేధాజ్ఞల ఉల్లంఘన కింద భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 223 మాత్రమే పెట్టి ఉంటే, సంబంధిత అధికారి రాతపూర్వక ఫిర్యాదు లేకుండా కోర్టు దాన్ని స్వీకరించకూడదు. చాలా కేసుల్లో పోలీసులు తడబడేది అక్కడే, మీ లాయరుతో తప్పక చూపించండి.

పాస్‌పోర్టు, వీసా దరఖాస్తుల్లో ఏదీ దాచొద్దు. అరెస్టయ్యారా అని అమెరికా వీసా ఫారం అడుగుతుంది, 2025 జూన్ నుంచి విద్యార్థుల సోషల్ మీడియా ఖాతాలనూ చూస్తున్నారు. నిరసన కన్నా అబద్ధమే ఎక్కువ చేటు.

కాలేజీకి 'తప్పు చేశాను' అని మాత్రం రాసివ్వొద్దు, ఆ కాగితం రేపు కేసులో మీవాడికే ఎదురు తిరగొచ్చు. ఏ నిబంధన ఉల్లంఘించాడో రాతపూర్వకంగా చెప్పమనండి. ఆ తర్వాత, జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాల్లో వివరణ ఇస్తే సరిపోతుంది.