బడి మరాఠీలో, ఇల్లు తెలుగులో: రోజూ హోంవర్క్ కబురు ఎట్లా పంపాలి?

మీరు అడిగింది: మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచ వైపు జిల్లా పరిషత్ మరాఠీ బడి, ఒకటి నుంచి నాలుగు దాకా తరగతులు, ఇళ్లలో అంతా తెలుగే. రోజూ గృహపాఠం మరాఠీలో టైపు చేసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నా ఎవరూ పట్టించుకోవడం లేదు, ఏం చేయాలి అని.

ముందు టైపు చేయడం ఆపండి. అది పట్టించుకోకపోవడం కాదు, చదవలేకపోవడం. ఇటు ఒకే ఇంట్లో రెండు లిపులు ఉంటాయి. ఇక్కడి బడిలో చదివిన తండ్రికి మరాఠీ అక్షరాలు వస్తాయి, నది అవతల తెలంగాణలోని చెన్నూరు, కాళేశ్వరం వైపు నుంచి వచ్చిన కోడలికి తెలుగు అక్షరాలు వస్తాయి, నాయనమ్మకు చాలాసార్లు రెండూ రావు. సాయంత్రం పిల్లల పక్కన కూర్చునేది ఎక్కువగా ఆ తల్లి, ఆ నాయనమ్మే. ముగ్గురికీ అందేది గొంతు ఒక్కటే. అందుకని వాయిస్ నోట్ పంపండి: తెలుగులో, తరగతికొకటి, 45 సెకన్లు దాటకుండా.

మొదటి మాట తరగతి పేరే కావాలి, ఎందుకంటే అన్నాచెల్లెళ్లకు కలిపి ఇంట్లో ఒకటే ఫోను. ఆ తర్వాత ఇవాళ క్లాసులో జరిగినది ఒక్క ముక్క, తర్వాత ఇంటి పని, చివర రేపు తేవలసినది. ఈ వరుస ఏ రోజూ మార్చకండి. వారం తిరిగేసరికి పని చేసుకుంటూ వినేవాళ్లకు ఎక్కడ చెవి పెట్టాలో తెలిసిపోతుంది. పంపే టైము రాత్రి ఏడు దాటాక. మధ్యాహ్నం ఫోను తండ్రి జేబులో, చేను దగ్గర ఉంటుంది. తొమ్మిదికి పంపితే పిల్లలు నిద్రలో ఉంటారు.

క్లాసు కబురు మీరు తయారు చేయకండి. బడి విడిచే ముందు పది నిమిషాలు తీసి ‘ఇంటికి పోయి ఏం చెప్తారు?’ అని అడగండి. పిల్లలు చెప్పిన దాంట్లో ఒక వాక్యం ఎంచి, రోజుకు ఇద్దరితో ఫోనులో పలికించండి. 22 మంది ఉంటే పదకొండు రోజులకు అందరి వంతూ వస్తుంది. సారు గొంతైతే సగం విని ఆపుతారు, పిల్ల గొంతైతే పక్కింటివాళ్లను కూడా పిలిచి వినిపిస్తారు. మర్నాడు పరిపాఠంలో, అంటే పొద్దుటి ప్రార్థన సభలో, బాతమ్యా (వార్తలు) చదివే చోట అదే వాక్యాన్ని అదే పిల్లతో మరాఠీలో చెప్పించండి. ఒక్క వాక్యం రెండు భాషల్లో నోటికొస్తుంది.

ఇంటి పని ఎంత ఇవ్వాలన్న దానికి 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ఉంది: రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దు, మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించవద్దు. చిన్న తరగతుల వాళ్లను సాయంత్రం ఎట్లా గడిపారు, ఏం ఆడారు, ఏం తిన్నారు అని క్లాసులో మాట్లాడించమని అందులోనే ఉంది. కాబట్టి ఒకటి, రెండు తరగతుల నోట్‌లో ‘రాయించండి’ అన్న మాటే రాకూడదు. ‘రాత్రి ఏం కూర తిన్నావో రేపు చెప్పాలి’ అంటే చాలు. మూడో తరగతి వాళ్లకు కొలతలు వచ్చినప్పుడు నాయనమ్మను అడిగే పని పెట్టండి: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానెడు. మానెడు బియ్యం ఎన్ని గ్లాసులైందో లెక్కపెట్టి రావాలి. చదువు రాని ఇల్లు కూడా చేయించగల పని అది.

అసలు చిక్కు లెక్కల్లో వస్తుంది. 27ను తెలుగులో చెప్తే ఇరవై ముందు, ఏడు తర్వాత. మరాఠీలో సత్తావీస్, అంటే ఏడు ముందు. ఇంట్లో ఒక రకం, బడిలో ఇంకో రకం విన్న పిల్ల 27 చెప్తే 72 రాస్తుంది. అంతకన్నా కష్టం ఎకోణీస్ (19), ఎకోణతీస్ (29), ఎకోణచాళీస్ (39). ఎకోణ అంటే ఒకటి తక్కువ. ఆ సంగతి తెలియని పిల్లకు ఎక్ (ఒకటి), తీస్ (ముప్పై) అన్న ముక్కలే చెవిలో పడి, 29 రాయాల్సిన చోట 31 రాస్తుంది. లెక్క రాక కాదు, మాట పట్టక. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణితంలో ‘వీస్ ఎక్, వీస్ దోన్’ (ఇరవై ఒకటి, ఇరవై రెండు) అని చదివే పద్ధతి తెస్తే మహారాష్ట్రలో పెద్ద రచ్చే అయింది. మన పిల్లలకైతే అది ఇంటి పద్ధతే! నోట్‌లో ఏ సంఖ్య వచ్చినా రెండు రకాలుగా పలకండి: ‘సత్తావీస్, ఇరవై ఏడు’. అట్లాగే ‘వజాబాకీ, తీసివేత’, ‘బేరీజ్, కూడిక’, ‘పాఢే, ఎక్కాలు’. మరాఠీ మాట తీసేయకండి, పుస్తకంలో పిల్ల వెతికేది దాన్నే.

అంకెలతో ఇంకో ఇబ్బంది. మరాఠీ రాసే దేవనాగరి లిపిలో ఒకటి (१) చూడ్డానికి మనం వాడే 9 లాగే ఉంటుంది. సాయం చేసే అక్కో చిన్నాన్నో తెలంగాణ వైపు చదివితే పుస్తకంలో ११ (11) చూసి 99 అనుకుని, సరైన జవాబును కొట్టేస్తారు. ఏడాది మొదట్లోనే పైన దేవనాగరి అంకెలు, కింద మామూలు అంకెలు ఉండే పట్టీ ఒకటి రాసి నోటుబుక్కు అట్ట లోపల అంటించండి. పేజీ నంబరు కూడా నోట్‌లో నోటితో చెప్పండి.

ఫోను లేని ఇళ్లకు పక్కింటితో జత కట్టండి, ఎవరికి ఎవరు జతో హాజరు పట్టీ వెనక రాసిపెట్టుకోండి. బడి బయటి గోడ మీద రెండడుగులు బై మూడడుగుల నల్లరంగు పూసి, రేపు తేవలసినది మాత్రం రెండు లిపుల్లో రాయండి. మిరపకాయ ఏరే కాలంలో తల్లిదండ్రులు నది దాటి పోతారు, ఫోనూ వాళ్లతోనే పోతుంది. అప్పుడు నోట్ అక్కడ మోగుతుంది, పిల్ల ఇక్కడ ఉంటుంది. ఊళ్లో ఉండే ఇంకో నంబరు వాళ్లు పోకముందే తీసుకుని ఉంచండి.

గ్రూపు సెట్టింగు సంగతి. సందేశాలు అడ్మిన్లు మాత్రమే పంపేలా పెట్టండి, లేకపోతే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద హోంవర్క్ కనబడదు. మెసేజ్‌లు ఏడు రోజుల్లో వాటంతట అవే పోయేలా పెడితే చిన్న ఫోన్లు నిండవు. గ్రూపు బదులు బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడకండి, అది మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, చాలామంది చేసుకోరు. ఒక పిల్ల మీద ఫిర్యాదు గ్రూపులో ఎప్పుడూ వద్దు. ‘రాసిన పేజీ ఫొటో పంపండి’ అని కూడా అడగకండి, అడిగితే అక్కలు రాసిన పేజీలే వస్తాయి.

మర్నాడు పొద్దున ఆ వాయిస్ నోట్‌ను నొక్కి పట్టుకుని సమాచారం తెరవండి. ఎవరెవరు విన్నారో విడిగా చూపిస్తుంది. వరుసగా మూడు రోజులు ఆ జాబితాలో లేని ఇంటికి నంబరు మారిందా, రీచార్జి అయిపోయిందా అని పిల్లనే అడగండి. అక్కడికీ తేలకపోతే ఆ ఇంటిని కూడా పక్కింటి జతలో చేర్చండి.