కడుపుతో ఉన్నప్పుడు దోమల క్రీమ్ రాసుకోవచ్చా? రాసుకోండి, భయపడాల్సింది డెంగీకి

ఐదో నెల నడుస్తోంది, క్రీమ్ రాసుకోబోతే బిడ్డకి మంచిది కాదని అత్తగారు ఆపేశారు, ఏం చేయను అని అడిగారు. రాసుకోండి. మీ డాక్టరమ్మకి ఒకసారి ట్యూబు చూపించండి, అంతే గానీ మానేయకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా చెల్లి. మాది గోదావరి జిల్లాలో ఒక టౌను. ఏడో నెలలో సీమంతం చేసి దాన్ని ఇంటికి తీసుకొచ్చాం, వానాకాలం. చూడ్డానికి వచ్చిన ప్రతి పెద్దావిడా క్రీమ్ అంటే కెమికల్ అని భయపెట్టేసరికి అది మానేసింది, సాయంత్రం అయ్యేసరికి తలుపులూ కిటికీలూ బిగించి కాయిల్, ఆపైన సాంబ్రాణి, ఎండు వేపాకు పొగ, అందులో దగ్గుకుంటూ కూర్చునేది. పొద్దున్నే మాత్రం పెరట్లో అరుగు మీద కూర్చుని అమ్మ చేత జడ వేయించుకునేది. డెంగీ దోమ ఎక్కువగా కుట్టేది ఆ వేళలోనే, మళ్ళీ చీకటి పడబోయే ముందు. పక్కన సగంలో వదిలేసిన అపార్ట్‌మెంట్ సెల్లార్ నిండా వాన నీళ్ళు.

జ్వరం వచ్చింది, కళ్ళ వెనక నొప్పి అంది, ప్లేట్‌లెట్లు నలభై వేలకి పడిపోయాయి. నర్సు గంటగంటకీ బీపీ చూస్తుంటే అది పొట్ట మీద చెయ్యి వేసుకుని "బిడ్డ కదులుతోందక్కా, ఇప్పుడే కదిలింది" అని నాకు చెప్తూ ఉండేది. అప్పుడు కూడా ఒకావిడ బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళు బొప్పాయి పండే ముట్టకూడదనే మనిషి! గుమ్మంలోనే ఆపి పంపించేశాను, నాకు ఇప్పటికీ కోపమే. దేవుడి దయవల్ల తల్లీబిడ్డా క్షేమం.

కడుపుతో ఉన్నవాళ్ళ దగ్గరికి దోమలు ఎక్కువ వస్తాయి, ఆఫ్రికాలోని గాంబియాలో లెక్కపెడితే దాదాపు రెట్టింపు వచ్చాయి. ఊపిరి ఎక్కువ వదులుతారు, ఒంటి వేడి కాస్త ఎక్కువ, అందుకు. థాయ్‌లాండ్ సరిహద్దు శరణార్థి శిబిరాల్లో 897 మంది గర్భిణుల మీద పరీక్ష చేశారు, నాలుగో నెల నుంచి రోజూ 20 శాతం డీట్ (దోమల క్రీముల్లో ఉండే మందు) రాసుకున్నవాళ్ళలో తల్లికీ బిడ్డకీ ఏ హానీ కనబడలేదు, 2001లో అచ్చైంది. మూసిన గదిలో ఒక్క కాయిల్ వదిలే సన్నటి ధూళి 75 సిగరెట్లకి తక్కువ కాదని ఇంకో పరీక్ష తేల్చింది. అయినా మన ఇళ్ళల్లో భయం క్రీమ్ మీద, పొగ మీద కాదు. వేపాకు పొగైనా పొగే.

ట్యూబు వెనక మందు పేరు చదవండి, డీట్, పికారిడిన్, ఐఆర్3535 ఈ మూడింట్లో ఏదున్నా ఫర్వాలేదు. శాతం పెరిగితే ఎక్కువ గంటలు పనిచేస్తుంది తప్ప ఎక్కువ గట్టిగా పనిచేయదు, కాబట్టి తక్కువది కొని అవసరమైతే మళ్ళీ రాసుకోండి. బట్టల బయట కనబడే చర్మానికే, ముఖ్యంగా చీలమండలకి. దెబ్బల మీద వద్దు, చీర కింద వద్దు. లోపలికి వచ్చాక సబ్బుతో కడిగేసుకోండి. ఏజెన్సీ వైపు, పాడేరు, భద్రాచలం ప్రాంతాల్లో ఉంటే మందు దోమతెర తప్పనిసరి, అక్కడి మలేరియా కడుపులో బిడ్డకి తిండి అందించే మాయలో చేరి బిడ్డ బరువు తగ్గించేస్తుంది.

వీధిలో ఫాగింగ్ చేశారని నిశ్చింతగా ఉండకండి. ఆ పొగ ఎగిరే దోమల్ని చంపుతుంది, నీళ్ళలో ఉన్న పురుగుల్ని ఏమీ చేయదు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. డ్రమ్ములు, ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ వారానికోసారి ఒంపేయాల్సింది మనమే, కానీ సెల్లార్లో నీళ్ళు వదిలేసిన బిల్డర్‌ని అడిగేవాడు ఎవడు?

జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వేసుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. బిడ్డ పుట్టాక రెండు నెలలు నిండేదాకా బిడ్డకి ఏ క్రీమూ రాయకూడదు, దోమతెరే, అది ఇప్పుడే కొని పెట్టుకోండి.