మే పుష్పం ఆకులకే పరిమితమైతే

ప్రశ్న: మామిడిచెట్టు నీడన కుండీలో పెట్టిన మే పుష్పం దుంప తొలి ఏడాది ఎర్రగా, గుండ్రంగా, ఎంతో అందంగా పూసింది. ఆ తరువాత రెండు వేసవుల్లోనూ ఆకులు వచ్చాయి గానీ పూత లేదు. ఏడాది పొడవునా నీరు పోస్తున్నాను. వానాకాలంలో ఆకులు కుండీ దాటి పరుచుకుంటే కత్తిరిస్తున్నాను. దుంప చెడిపోయిందంటారా?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఏటా ఆకులు వేస్తున్నదంటే దుంప బతికే ఉంది, బెంగపడకండి. దానికి కరవైనవి వానాకాలంలో తిండి, చలికాలంలో విశ్రాంతి. ఫుట్‌బాల్ లిల్లీ అని కూడా పిలిచే ఈ మొక్క శాస్త్రీయ నామం స్కాడోక్సస్ మల్టీఫ్లోరస్. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాలు దీని పుట్టిల్లు. అక్కడ వానలు లేని నెలల్లో ఇది పొడి నేలలో నిద్రపోయి, తేమ తగలగానే పూలకాడను పైకి పంపుతుంది. ఒక్కో గుత్తిలో రెండు వందల దాకా చిన్న పూలుండే అంత పెద్ద పూతకు కావలసిన బలమంతా ముందటి ఏడాది ఆకులు తయారుచేసి దుంపలో దాచిపెట్టినదే కాబట్టి, పచ్చని ఆకును కత్తిరించిన ప్రతిసారీ రాబోయే పూతకు అందవలసిన బలాన్ని మీరే తగ్గిస్తున్నారు.

ఇకమీదట ఒక్క ఆకునూ కోయవద్దు. అడ్డమనిపిస్తే కుండీనే పక్కకు జరపండి. ఆకులున్నన్నాళ్లూ నెలకొకసారి గుప్పెడు వర్మీకంపోస్టు వేయండి గానీ, ఆకులను మాత్రమే ఏపుగా పెంచే యూరియా జోలికి పోవద్దు. వానలు వెనుకబట్టాక ఆకులు వాటంతటవే పండిపోవడం మొదలవుతుంది. అప్పటినుంచి నీరు తగ్గిస్తూ వచ్చి, అవి పూర్తిగా ఎండాక మానేసి, కుండీని వాన పడని చూరు కింద ఉంచండి. నిద్రలో ఉన్న దుంపకు నీరు పోస్తే కుళ్లిపోయే ప్రమాదం కూడా ఉంది. ఏప్రిల్‌లో పైమట్టిని కాస్త గుల్లచేసి, చివికిన పశువుల ఎరువు కలిపి, కొద్దికొద్దిగా తడపండి. మొలక కనిపించాక నీరు పెంచవచ్చు. మామిడి నీడలోంచి పొద్దుటి ఎండ కాస్త తగిలితే చాలు, మిట్టమధ్యాహ్నపు ఎండ వద్దు.

కుండీ మార్చాలన్న తొందర కూడా వద్దు. వేళ్లను కదిలిస్తే ఈ మొక్క అలిగినట్టే ఒక ఏడాది పూత మానేయవచ్చు. పిల్లదుంపలు మరీ కిక్కిరిసినప్పుడే, అదీ నిద్రాకాలంలోనే, విడదీసి, దుంప మెడ నేలమట్టానికి ఉండేలా నాటండి. దీనిలో విషపదార్థాలున్నాయి, ఆఫ్రికాలో కొన్ని చోట్ల బాణాలకు పూసే విషంలో దీన్ని వాడేవారు. అందుచేత దుంపలను తాకాక చేతులు కడుక్కోండి, పూత తరువాత కాసే ఎర్రని పండ్లను పిల్లల నోటికీ మేకల నోటికీ అందనివ్వకండి.