ఫ్రెంచి భూతకాలం మొదలుపెట్టిన శ్రావ్యకు

చిరంజీవి శ్రావ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

వర్తమానకాలం దాకా హాయిగా సాగిన ఫ్రెంచి, భూతకాలానికి వచ్చేసరికి బరువెక్కిందని రాశావు. మన పిల్లలకు చాలాకాలంగా ఆ భాష చెబుతున్నదాన్ని కనుక ఎక్కడ తడబడతారో నాకు తెలుసు. మనకు ‘తిన్నాను’ అనే ఒక్క మాటలో పని, కాలం, చేసినవారు అన్నీ ఇమిడిపోతాయి. ఫ్రెంచిలో అదే రెండు ముక్కలు: ‘జే మాంజే’. మనవాళ్లు రెండో ముక్కను గట్టిగా పలికి, మొదటిదాన్ని మింగేస్తారు. కాలాన్ని మోసేది ఆ మొదటి ముక్కే. ‘జ మాంజ్’ తింటాను, ‘జే మాంజే’ తిన్నాను. ఆ ముక్కను సహాయక్రియ అంటారు, ఎక్కువగా అది అవ్వార్ (కలిగి ఉండడం). కాబట్టి ముందుగా అవ్వార్ క్రియ వర్తమాన రూపాలు నోటికి రావాలి: జే, త్యూ ఆ, ఇల్ ఆ, నూ జావోం, వూ జావే, ఇల్ జోం. రోజూ పైకి చదువు. కళ్లతో చూస్తే చాలదు.

రెండో ముక్క సులువు. పార్లే (మాట్లాడడం), మాంజే (తినడం) వంటి క్రియల ఉచ్చారణ మారదు, రాతలో చివరి రెండు అక్షరాలు మాత్రమే మారతాయి. ఫినీర్ (ముగించడం) ‘ఫినీ’ అవుతుంది, వాన్ద్ర్ (అమ్మడం) ‘వాన్‌ద్యూ’ అవుతుంది. ఫే (చేయడం), ప్రీ (తీసుకోవడం), వ్యూ (చూడడం) వంటి దారి తప్పినవాటిని వాడుకలో నేర్చుకో.

అసలు చిక్కు ఎత్ర్ (ఉండడం) అనే ఇంకో సహాయక్రియతో వస్తుంది. వెళ్లడం, రావడం, పుట్టడం, చనిపోవడం వంటి కొన్ని క్రియలు అవ్వార్ బదులు దీన్ని తీసుకుంటాయి: ‘ఎల్ ఎ తాలే’, ఆమె వెళ్లింది. కదలికను తెలిపే క్రియలన్నీ ఇంతేనని కొన్ని పుస్తకాలు చెబుతాయి. నాకా సూత్రం నచ్చదు. నడిచాను అనడానికి ‘జే మార్షే’ అంటారు, అక్కడ అవ్వారే ఉంది. ఉండిపోవడంలో కదలికే లేదు, అయినా రెస్తే క్రియకు ఎత్ర్ కావాలి. అందుకని ఒక్కో క్రియను దాని సహాయక్రియతో కలిపే గుర్తుపెట్టుకో. లేవడం, స్నానం చేయడం వంటి తనమీద తాను చేసుకునే పనులకు మాత్రం ఎప్పుడూ ఎత్ర్: ‘జ మ స్వీ లవే’, లేచాను.

ఇక్కడ తెలుగు నీకు చక్కగా సాయపడుతుంది. మనం దిగాను, దింపాను అని క్రియనే మారుస్తాం. వాళ్లు క్రియను అలాగే ఉంచి సహాయక్రియను మారుస్తారు. ‘జ స్వీ దెసాన్‌ద్యూ’ దిగాను, ‘జే దెసాన్‌ద్యూ లా వాలీజ్’ పెట్టె దింపాను. ఎక్కడం, ఎక్కించడం కూడా అంతే.

ఎత్ర్ వచ్చినచోట స్త్రీకి చివర ‘ఇ’ అక్షరం, బహువచనానికి ‘ఎస్’ చేర్చాలి. చాలావరకు అవి వినిపించవు కనుక రాసేటప్పుడే జాగ్రత్త అవసరం. ‘మోర్’ వంటివాటిలో వినిపిస్తుంది: అతడు చనిపోతే ‘ఇల్ ఎ మోర్’, ఆమె అయితే ‘ఎల్ ఎ మోర్త్’. కాదనడానికి సహాయక్రియకు ముందు ‘న’, వెనుక ‘పా’ పెట్టాలి: ‘జ నే పా మాంజే’, తినలేదు.

‘చదివేదాన్ని’, ‘చదువుతూ ఉన్నాను’ వంటివాటికి వేరే భూతకాలం ఉంది, దాని పేరు ఆంపార్ఫే. ‘జ లీజే, ల తెలేఫోన్ ఆ సొనే’: చదువుకుంటూ ఉన్నాను, ఫోను మోగింది. సాగుతున్న పని మొదటిది, జరిగిపోయింది రెండోది. ఈ తేడా మనకు పుట్టుకతో తెలుసు, అందుకే దాని గురించి బెంగపడకు. నవలల్లో ఇంకో భూతకాలం కనబడుతుంది. మాటల్లో దాదాపు వాడరు, ఇప్పుడు దాని జోలికి వెళ్లవద్దు.

నిన్న పొద్దున లేచినప్పటినుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం చేశావో ఫ్రెంచిలో రాసి పంపు. దిద్ది తిప్పి పంపుతాను.

నీ పెద్దమ్మ