వాళ్ల లోకంలోకి వెళ్తున్న యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సైన్స్ ఫిక్షన్ వెబ్ సిరీస్ రెండో సీజన్‌కి రాయమని నిన్ను పిలిచారని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. అయితే రెండో పేజీ నుంచి నీ ఉత్తరం నిండా టెన్షనే. మొదటి సీజన్ అభిమానుల్లో కొందరు 'నవలలు రాసుకునే ఆమెకి మా సిరీస్‌తో ఏం పని' అంటున్నారనీ, ఇంకొందరు 'ఇక కథ బాగుపడుతుంది' అని ఆశపడుతున్నారనీ, ఆశపడేవాళ్లని చూస్తేనే ఎక్కువ భయంగా ఉందనీ రాశావు. నీ భయం సరైనదే. దాని గురించి మాట్లాడాలంటే నాకు వెంటనే గుర్తొచ్చేది అమెరికాలో స్టార్ ట్రెక్ అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ విషయంలో జరిగిన కథ.

మైకేల్ షేబాన్ పేరు నువ్వు వినే ఉంటావు. 2001లో పులిట్జర్ బహుమతి అందుకున్న నవలాకారుడు. 2008లో సైన్స్ ఫిక్షన్ లోకం ఇచ్చే హ్యూగో అవార్డు కూడా ఆయన నవలకి వచ్చింది. 2018 ఆగస్టులో లాస్ వెగాస్‌లో స్టార్ ట్రెక్ అభిమానుల సమావేశం జరిగితే, పాట్రిక్ స్టూవర్ట్ వేదిక ఎక్కి, జాన్ లూక్ పికార్డ్‌గా మళ్లీ నటిస్తున్నానని చెప్పాడు. 1994లో ముగిసిపోయిన స్టార్ ట్రెక్ సిరీస్‌లో అంతరిక్ష ఓడకి కెప్టెన్ ఆ పికార్డ్. 'పికార్డ్' అనే ఆ కొత్త సిరీస్ రాసేవాళ్లలో షేబాన్ ఒకడు. 2019 జూన్‌లో ఆయన్ని షోరన్నర్‌గా ప్రకటించారు. అంటే మొత్తం కథ బాధ్యత ఆయనదే. పెద్ద బహుమతులు అందుకున్న రచయిత తమ సిరీస్‌కి వస్తున్నాడని చాలామంది పొంగిపోయారు. సాహిత్యం వాళ్ల చేతిలో పడితే స్టార్ ట్రెక్ స్టార్ ట్రెక్‌లా ఉండదేమోనని బెంగపడ్డవాళ్లూ ఉన్నారు. 2020 జనవరి 23న మొదటి ఎపిసోడ్ వచ్చేదాకా ఈ రెండు మాటలూ పక్కపక్కనే వినిపిస్తూ ఉన్నాయి.

ముందు ఈ అభిమానులు ఎవరో తెలుసుకో. పాత స్టార్ ట్రెక్ 1966లో మొదలైంది. రెండో సీజన్ నడుస్తుండగానే ఆపేస్తారన్న మాట బయటికొచ్చింది. అప్పుడు బ్జో ట్రింబుల్ అనే అభిమాని, ఆమె భర్త జాన్ కలిసి దేశమంతటి నుంచీ ఉత్తరాలు రాయించారు. ఎన్‌బీసీ ఛానెల్‌కి వేలల్లో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. 1968 మార్చిలో ఆ ఛానెల్, సిరీస్ కొనసాగుతుందని టీవీలోనే ప్రకటించాల్సి వచ్చింది. మూడో సీజన్ ఉందంటే అది ఆ ఉత్తరాల వల్లే. మొత్తం 79 ఎపిసోడ్లు పోగయ్యాయి కాబట్టే తర్వాతి ఏళ్లలో ఊరూరి ఛానెళ్లలో అవి మళ్లీ మళ్లీ వచ్చాయి. ఆ పునఃప్రసారాలు చూసి పెరిగిన పిల్లల్లో షేబాన్ ఒకడు. కాబట్టి ఆయన వెళ్లిన ఇల్లు ఆ ఫ్యాన్స్ నిలబెట్టిన ఇల్లే. 'మా సిరీస్' అని వాళ్లంటే అది ఊరికే వచ్చిన మాట కాదు. మన పద్యనాటకాల ప్రేక్షకులు ఇలాగే ఉండేవాళ్లు. రాయబారం సీనులో పద్యాలన్నీ వాళ్లకి కంఠతా వచ్చు, అయినా తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. నచ్చితే వన్స్ మోర్ అనేవాళ్లు, రాగం మారితే గోల చేసేవాళ్లు. ఆ రెండూ చేసేది అదే మనిషి. నీ సిరీస్‌కి ఇంకా అంత చరిత్ర లేదని నాకు తెలుసు. కానీ మొదటి సీజన్‌ని నాలుగుసార్లు చూసిన కుర్రాడు ఎక్కడో ఉంటాడు. ఆ కథ గురించి ఈరోజుకి నీకంటే అతనికే ఎక్కువ తెలుసు. ఆ తేడా పూడ్చుకోవడం నీ మొదటి పని.

పూడ్చుకున్నాక ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదంతా దీన్లోనే ఉంది.

స్టార్ ట్రెక్‌కి బయటి నుంచి వచ్చిన రచయితల్లో షేబాన్ మొదటివాడేం కాదు. 1960ల్లోనే థియొడోర్ స్టర్జన్, రాబర్ట్ బ్లాక్, రిచర్డ్ మాథెసన్ లాంటి పేరున్న రచయితలు ఎపిసోడ్లు రాశారు. స్టర్జన్ రాసిన ఒక ఎపిసోడ్ 1967 సెప్టెంబరులో వచ్చింది. అందులో స్పాక్ అనే పాత్ర సంగతి చూడు. వల్కన్ అనే గ్రహాంతర జాతివాడు, తర్కం తప్ప ఉద్వేగం చూపించడు, అప్పటికే జనానికి ప్రాణం. స్టర్జన్ ఆ పాత్రని మార్చలేదు. అంత గట్టిగా అణిచిపెట్టుకున్నది ఎక్కడికి పోతుంది అని మాత్రం అడిగాడు. ఏడేళ్లకోసారి ఆ తర్కం పూర్తిగా పట్టు తప్పే కాలం ఒకటి వస్తుందనీ, సొంత గ్రహానికి వెళ్లి పెళ్లితంతు జరుపుకోకపోతే ప్రాణమే పోతుందనీ రాశాడు. వల్కన్ గ్రహాన్ని ప్రేక్షకులు మొదటిసారి చూసింది ఆ కథలోనే. ఇప్పటికీ ఆ ఎపిసోడ్‌ని తలుచుకోని అభిమాని ఉండడు.

యాభై ఏళ్ల తర్వాత షేబాన్ చేసిందీ అదే, ఇంకో వైపు నుంచి. రొమ్యులన్లు అని 1966 నుంచీ ఉన్న జాతి. కుట్రలు, గూఢచర్యం, ఎవరికీ ఏదీ చెప్పని మనుషులు. ఇంత రహస్యం నిండిన సమాజంలో దానికి ఎదురు నిలబడి బతికేవాళ్లు ఎవరుంటారు? 2020 ఫిబ్రవరిలో వచ్చిన నాలుగో ఎపిసోడ్‌లో ఆయన కత్తులు పట్టిన సన్యాసినుల ఆశ్రమం ఒకటి సృష్టించాడు. మనసులో ఏముందో అది అప్పటికప్పుడు పైకి చెప్పేయడమే వాళ్ల వ్రతం. అక్కడ పెరిగిన ఒక పిల్లవాడిని పికార్డ్ ముద్దు చేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి అటువైపు చూడకుండా, అవసరం పడ్డాక తిరిగొస్తాడు. అబద్ధం ఆడటం, మొహమాటపడటం నేర్చుకోని కుర్రాడి ముందు అలాంటి పెద్దమనిషి నిలబడటం ఎంత కష్టమో ఊహించు. జాతి గురించిన ఊహ, మనిషి గురించిన బాధ ఒకే సన్నివేశంలో కలిశాయి. నవలాకారుడు తనతో తీసుకెళ్లగలిగింది ఇదే అని నేను నమ్ముతాను.

నువ్వు అడగాల్సింది ఇదే: మొదటి సీజన్‌లో బాగా కనిపించే గుణం ఏది, అది దేన్ని కప్పి ఉంచుతోంది? నీ సిరీస్‌లో అందరూ ఒక యంత్రం మాట వింటారని రాశావు. విననివాళ్లు ఏ వీధిలో ఉంటారు, ఏం తింటారు, పిల్లలకి ఏం చెప్పుకుంటారు? అక్కడ మొదలుపెట్టు. ఫ్యాన్స్ ఏం కోరుతున్నారో చూసి రాస్తే వాళ్లకి అప్పటికే తెలిసింది వాళ్లకే ఇస్తావు. వాళ్లకి బుద్ధి చెప్పాలని రాస్తే ఆ లోకాన్నే అవమానిస్తావు. వాళ్లకి ప్రాణంగా తెలిసిన చోట, వాళ్లెప్పుడూ తలుపు తట్టని గది వెతుకు.

చిన్న కథతో మొదలుపెట్టే వీలుంటే వదులుకోకు. షేబాన్ పికార్డ్ సిరీస్‌కి ముందు, 2018 నవంబరులో, ఒక షార్ట్ ట్రెక్, అంటే స్టార్ ట్రెక్ లోకంలోనే విడిగా వచ్చే చిన్న ఎపిసోడ్, రాశాడు. మనుషులెవరూ లేకుండా దాదాపు వెయ్యేళ్లుగా ఒకేచోట వేచి ఉన్న అంతరిక్ష ఓడ, ఆ ఓడకి ప్రాణంగా మారిన కంప్యూటరు, దారితప్పి అందులోకి చేరిన ఒక సైనికుడు. అంతే. యుద్ధం లేదు, గ్రహాలు పేలవు. ఇంటికి వెళ్లాలనుకునే మనిషి, వెళ్లొద్దని అడగలేని యంత్రం. ఇరవై నిమిషాలు కూడా లేని ఆ కథలో ఆయన స్టార్ ట్రెక్ వాడేనని చాలామందికి నమ్మకం కుదిరింది. నీ ప్రొడ్యూసర్ని ఒక ఎపిసోడ్ పూర్తిగా నీకివ్వమని అడుగు. చిన్నదైనా సరే.

ఇక కోపాల సంగతి. పికార్డ్ మొదటి సీజన్‌లో రెండింటి మీద బాగా గొడవైంది. ఒకటి, రెండో ఎపిసోడ్‌లో ఒక అడ్మిరల్ పికార్డ్‌ని పచ్చి బూతుమాటతో తిట్టడం. భవిష్యత్తులో మనుషులు మెరుగుపడి ఉంటారన్న ఆశే స్టార్ ట్రెక్ అని నమ్మేవాళ్లకి అది గట్టిగా తగిలింది. షేబాన్ ఇన్‌స్టాగ్రామ్‌లో అభిమానుల ప్రశ్నలకి ఓపిగ్గా, పెద్దపెద్ద జవాబులే రాశాడు. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది. ఆ బూతుమాట విషయంలో మాత్రం నేను అభిమానుల పక్షమే. పెద్ద పదవిలో ఉన్న మనిషి కోపం చూపించడానికి రచయితకి ఇంతకంటే మంచి దారులుంటాయి.

రెండోది అయిదో ఎపిసోడ్. వాయేజర్ అనే ముందు సిరీస్‌లో జనం ఇష్టపడిన ఇచెబ్ అనే కుర్రాడిని అందులో దారుణంగా చంపారు. చూడలేకపోయామన్నవాళ్లు చాలామంది. 'బయటివాళ్లకి మా పాత్రల విలువ తెలియదు' అని నువ్వు భయపడుతున్న మాటే అక్కడా వినిపించింది. కానీ ఆ ఎపిసోడ్ రాసింది కిర్‌స్టెన్ బేయర్. ఆమె కూడా నవలా రచయిత్రే. ఏళ్ల తరబడి వాయేజర్ పాత్రలతోనే నవలలు రాసి, అక్కడి నుంచి టీవీ రచయితల గదికి వచ్చిన మనిషి. ఆ లోకం గురించి ఆమెకంటే లోపలివాళ్లు దొరకరు. ఈ సంగతి నువ్వు గుర్తుంచుకోవాలి. బయటి నుంచి వచ్చావన్నది నీ మీద పడే మొదటి నింద కావచ్చు, కానీ జనం మనసు విరిచేది అది కాదు. ఒక పాత్ర మీద వాళ్లు పెట్టుకున్న ప్రేమకి ఈ కథలో చోటు ఉందా లేదా అన్నదే వాళ్లు చూస్తారు. చంపొద్దని నేననను. చంపితే ఆ చావుకి ఏడ్చే టైమ్ ప్రేక్షకుడికి ఇవ్వు.

గదిలో పదిమంది రాస్తారని మర్చిపోకు. ఇది నవలలు రాసేవాళ్లకి అన్నిటికంటే కష్టమైన విషయం. 1967లో వచ్చిన ఒక స్టార్ ట్రెక్ ఎపిసోడ్‌కి హార్లన్ ఎల్లిసన్ అనే రచయిత రాసిన స్క్రిప్టుని లోపలివాళ్లు బాగా మార్చి తీశారు. ఆయన మూల ప్రతికి అమెరికా రచయితల సంఘం అవార్డు వచ్చింది, తెర మీదకి వచ్చిన రూపానికి హ్యూగో వచ్చింది. రెండూ గెలిచినా ఆ కోపం ఆయన దశాబ్దాలపాటు మోశాడు. చివరికి మూల ప్రతిని పుస్తకంగా వేసుకున్నాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అదే ఏడాది స్టర్జన్ ఎపిసోడ్‌లో ఇంకోటి జరిగింది. స్పాక్‌గా వేసిన లెనార్డ్ నిమోయ్, వల్కన్లు పలకరించుకోవడానికి ఒక సైగ ఉండాలనుకుని, చిన్నప్పుడు యూదుల ప్రార్థనా మందిరంలో పూజారులు దీవిస్తూ వేళ్లు విడదీసి పట్టడం చూసింది గుర్తు తెచ్చుకుని అదే చేశాడు. ఇవాళ ప్రపంచమంతా ఆ చేతిని గుర్తుపడుతుంది. రచయిత కాగితం మీద లేనిది నటుడి బాల్యం నుంచి వచ్చింది. నీ పేజీలు మారతాయి. కొన్నిసార్లు పాడవుతాయి, కొన్నిసార్లు నీకు తోచనిది వచ్చి చేరుతుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి తొందరపడకు.

ఇంకొకటి చెప్పాలి. 2019లో షేబాన్ స్పాక్ కుర్రతనం గురించి ఒక చిన్న ఎపిసోడ్ రాస్తున్నప్పుడు ఆయన తండ్రి ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఉన్నాడు. ఆ మంచం పక్కనే కూర్చుని స్క్రిప్టు పని చేశాడు. ఆ రెండూ ఎలా కలిసిపోయాయో ఆ ఏడాది నవంబరులో న్యూయార్కర్‌లో వ్యాసంగా రాశాడు. వీలైతే సంపాదించి చదువు. వేరేవాళ్ల పాత్రలకి రాస్తే మన సొంతం ఏమీ ఉండదని నువ్వు దిగులుపడుతున్నావు కదా, దానికి నేను చెప్పగలిగినదానికంటే మంచి జవాబు అందులో ఉంది.

మొదటి సీజన్ తర్వాత ఆయన షోరన్నర్ బాధ్యత వదిలి తన నవలని తెరకెక్కించే పని మీదికి వెళ్లాడు. నువ్వు కూడా ఎన్నాళ్లుంటావో ముందే మాట్లాడుకో. సంతకం పెట్టే ముందు టైటిల్స్‌లో నీ పేరు ఎక్కడ పడుతుందో, మార్చిన స్క్రిప్టు నీకు చూపిస్తారో లేదో, నీ తర్వాతి నవల మీద వాళ్లకి ఏమైనా హక్కు రాశారేమో తెలిసినవాళ్లతో చదివించుకో. ఎపిసోడ్ విడుదలైన వారం ఫోన్ పక్కన పెట్టమని చెప్పను, నువ్వు వినవు. చదువు. తిట్టినవాళ్లలో సన్నివేశం పేరు పెట్టి తిట్టినవాళ్ల మాట రాసిపెట్టుకో, మూడో సీజన్‌కి పనికొస్తుంది. నీ ఊరి పేరు, ఆడపిల్లవన్న మాట, నీ ఫొటో పట్టుకుని తిట్టినవాళ్లకి ఒక్క అక్షరం కూడా జవాబివ్వకు.

ఆ యంత్రం మాట విననివాళ్ల వీధి గురించి రెండు పేజీలు రాసి నాకు పంపు. సిరీస్ కోసం కాకపోయినా సరే.

ఆశీస్సులతో,
మాస్టారు